చిరునవ్వునకు మూల్యము

విమాన పరిచారిక విసుగును దిగమ్రింగి చిరునవ్వు చూపుటయు శ్రమయే. అమెరికా సాంఘిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ప్రకటించిన ‘ది మేనేజ్డ్ హార్ట్’ దీనికి భావశ్రమ యని పేరిడి, అది మనిషిని ఎట్లు అలయించునో వివరించినది. ఉపాధ్యాయులు చదువదగిన గ్రంథమే. కాని వారి విషయమున దానికొక కొరత కలదు.

2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠములు సాగినవి. పిల్లలను కనిపెట్టుట ఉపాధ్యాయులకు ఫోనుమీది పనియైనది. సిరిసిల్ల వంటి నేత పట్టణమున, ఫోను లేని ఇంటి బాలునికై దిగులుపడిన పంతులుది జీతమునకు చేసిన నటన కాదు. నిజమైన మమత కలవారే రాత్రి పది గంటలకును వాట్సాప్ సందేశమునకు బదులిత్తురు. వారే ముందుగా అలయుదురు. విమానము దిగగానే పరిచారిక కొలువు ముగియును. ఈ కొలువునకు దిగు తావు లేదు.

మరమగ్గమున పేక తెగినచో మగ్గము తనంత ఆగును. మనస్సునకు అట్టి ఏర్పాటు లేదు. తెగియు నడచుచునే యుండును. కావున సందేశములకు వేళ నియమించుట పంతులు నిగ్రహమునకు విడువరాదు. అది పాఠశాలయే చేయవలెను. ఈ మాట కలిపి చదివినచో గ్రంథము మనకు మిక్కిలి ఉపకరించును.