కోవిడ్ నిర్ధారణ పరీక్షల విశ్వసనీయత: తర్కశాస్త్ర దృక్కోణంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

కోవిడ్-19 కాలంలో వైద్యపరీక్షల ఫలితాలు చికిత్సను మాత్రమే కాక ప్రయాణాన్ని, ఆసుపత్రి ప్రవేశాన్ని, మరణకారణ నమోదును కూడా శాసించాయి. ఆ ఫలితాలను తిరుగులేని సత్యంగా స్వీకరించిన ధోరణి ఒకటి, పూర్తి అసత్యంగా తోసిపుచ్చిన ధోరణి మరొకటి సమాజంలో పక్కపక్కనే నడిచాయి. పరస్పరం విరుద్ధంగా కనిపించే ఈ రెండు ధోరణులకూ మూలం ఒకటే: పరీక్షాఫలితాన్ని దాని సందర్భం నుంచి విడదీసి చూడటం. తర్కశాస్త్రంలోని లక్షణదోషాల సాయంతో ఈ విషయాన్ని నిరూపించడం, పరీక్షల గురించి తెలుగులో స్థిరపడిన మాటలు కలిగించిన అర్థభ్రాంతిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కోవిడ్-19, ఆర్టీపీసీఆర్, యాంటిజెన్ పరీక్ష, అవ్యాప్తి, అతివ్యాప్తి, ప్రామాణ్యం, సీటీ విలువ.

1. ప్రవేశిక:

'నిర్ధారణ' అంటే సందేహానికి తావు లేకుండా తేల్చడం. 2020 మార్చి నుంచి తెలుగు పత్రికల్లోనూ ప్రభుత్వ ప్రకటనల్లోనూ 'కరోనా నిర్ధారణ పరీక్ష' అనే పదబంధం నిత్యవ్యవహారమైంది. అయితే ప్రయోగశాల ఇచ్చే నివేదికలో నిర్ధారణ ఉండదు, ఒక పరిశీలన మాత్రమే ఉంటుంది. 'ఈ వ్యక్తి నుంచి ఈ రోజు సేకరించిన ఈ నమూనాలో వైరస్ జన్యుపదార్థం కనిపించలేదు' అన్నది ఆ పరిశీలన. వాడుకలో అది 'నెగెటివ్ వచ్చింది' అయింది. ఇంటికి చేరేసరికి 'కరోనా లేదు' అయింది. మొదటి వాక్యం నమూనాను గురించినది, మూడవ వాక్యం మనిషిని గురించినది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని గుర్తించకపోవడమే పరీక్షల విశ్వసనీయతపై చెలరేగిన వివాదాలన్నింటికీ మూలం.

2. లక్షణదోషాలు - పరీక్షాదోషాలు:

ఒక వస్తువుకు చెప్పిన లక్షణంలో మూడు దోషాలు సంభవిస్తాయని తార్కికులు చెప్పారు. ఆవుకు కపిలవర్ణం లక్షణమంటే తెల్ల ఆవులు, నల్ల ఆవులు వదిలిపోతాయి. ఇది అవ్యాప్తి. కొమ్ములుండటం లక్షణమంటే గేదెలు కూడా వచ్చి చేరతాయి. ఇది అతివ్యాప్తి. ఒంటి గిట్ట ఉండటం లక్షణమంటే అది ఏ ఆవులోనూ కనిపించదు. ఇది అసంభవం.

వ్యాధి సోకిన స్థితిని లక్ష్యంగానూ, పరీక్షలో పాజిటివ్ రావడాన్ని దాని లక్షణంగానూ భావిస్తే ఈ విభజన పరీక్షలకు చక్కగా అన్వయిస్తుంది. వ్యాధి ఉన్నా పరీక్షలో తేలకపోవడం అవ్యాప్తి. వ్యాధి లేకున్నా పాజిటివ్ రావడం అతివ్యాప్తి. వైద్యశాస్త్రంలో మొదటి దోషం ఎంత తక్కువ ఉంటే పరీక్షకు సున్నితత్వం అంత ఎక్కువ, రెండవ దోషం ఎంత తక్కువ ఉంటే నిర్దిష్టత అంత ఎక్కువ. అయితే తార్కికుడికి ఏ కొంచెం దోషమున్నా లక్షణం త్యాజ్యమే. వైద్యుడికి ఆ వెసులుబాటు లేదు. దోషమున్న సాధనంతోనే అతడు పనిచేయాలి. కాబట్టి 'ఈ పరీక్షలో దోషం ఉందా?' అన్నది సరైన ప్రశ్న కాదు. 'ఏ దోషం, ఎంత, ఎవరిలో, ఎప్పుడు?' అన్నదే విచారించదగిన ప్రశ్న.

3. మూడు పరీక్షలు - మూడు పరిమితులు:

3.1. యాంటీబాడీ పరీక్ష: 2020 ఏప్రిల్‌లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చైనా నుంచి తెప్పించిన ర్యాపిడ్ యాంటీబాడీ కిట్లను రాష్ట్రాలకు పంపింది. వీటి ఫలితాలు 5.4 శాతం మాత్రమే సరిగా ఉన్నాయని రాజస్థాన్ ప్రభుత్వం ప్రకటించి వాడకాన్ని నిలిపివేసింది. ఏప్రిల్ 27న ఆ కిట్లను తిప్పి పంపమని ఐసీఎంఆర్ రాష్ట్రాలను కోరింది. కిట్ల నాణ్యతపై వచ్చిన విమర్శ సమంజసమే. కానీ ఆ చర్చలో మరొక అంశం మరుగున పడింది. యాంటీబాడీలు శరీరంలో తయారుకావడానికి సాధారణంగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వ్యాధి తొలిరోజుల్లో ఉన్నవారిలో వాటిని వెదకడమంటే ఆవుకు ఒంటి గిట్ట వెదకడమే. కిట్ ఎంత మేలైనదైనా అక్కడ అసంభవదోషం తప్పదు. సాధనదోషం, వినియోగదోషం వేర్వేరని నాటి విమర్శ గుర్తించలేదు.

3.2. యాంటిజెన్ పరీక్ష: 2020 జూన్ 14న ఐసీఎంఆర్ ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షను అనుమతించింది. తమ మూల్యాంకనంలో దాని నిర్దిష్టత 99.3 నుంచి 100 శాతం వరకు, సున్నితత్వం 50.6 నుంచి 84 శాతం వరకు ఉన్నట్లు ఆ ఉత్తర్వులోనే తెలియజేసింది. అంటే అతివ్యాప్తి అత్యల్పం, అవ్యాప్తి గణనీయం. అందుకే పాజిటివ్ వస్తే నమ్మమనీ, లక్షణాలున్నవారికి నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్‌తో సరిచూడమనీ నిర్దేశించింది. ఈ నిర్దేశంలో తర్కం ఉంది. ఆచరణలో రెండవ భాగం తరచు జారిపోయింది. అరగంటలో ఫలితమిచ్చే పరీక్ష రోజువారీ పరీక్షల సంఖ్యను పెంచింది. నెగెటివ్ వచ్చినవారిలో ఎందరికి మళ్లీ పరీక్ష జరిగిందన్న లెక్క ఆ సంఖ్య పక్కన కనిపించలేదు.

3.3. ఆర్టీపీసీఆర్: దీనిని ప్రామాణిక పరీక్షగా అందరూ అంగీకరించారు. అయినా ఇది కాలనిరపేక్షం కాదు. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2020లో అప్పటికి లభించిన అధ్యయనాలను క్రోడీకరించి వేసిన అంచనా ఈ సందర్భంలో గమనించదగినది. సోకిన మొదటి రోజున పరీక్షిస్తే వ్యాధి తేలకపోయే అవకాశం 100 శాతం, నాలుగవ రోజున 67 శాతం, లక్షణాలు సాధారణంగా కనిపించే అయిదవ రోజున 38 శాతం, ఎనిమిదవ రోజున 20 శాతం. ఆ తర్వాత ఆ అవకాశం మళ్లీ పెరుగుతుంది. ఒకే పరీక్ష మొదటి రోజున అసంభవదోషంతోనూ, ఎనిమిదవ రోజున స్వల్ప అవ్యాప్తితోనూ ఉంది. దోషం పరీక్షలో ఎంత ఉందో, పరీక్షించిన దినంలోనూ అంత ఉంది.

4. సంఖ్యల సాక్ష్యం:

పరీక్ష మారకుండానే దాని ఫలితానికి గల విలువ మారుతుందనడానికి ఒక గణనను ఉదాహరించవచ్చు. సున్నితత్వం 50 శాతం, నిర్దిష్టత 99.3 శాతం గల పరీక్షను 10,000 మందికి చేశామనుకుందాం.

వ్యాధి 1 శాతం మందిలో ఉన్నప్పుడు: రోగులు 100 మంది. వారిలో 50 మంది తేలతారు. వ్యాధి లేని 9,900 మందిలో సుమారు 69 మందికి పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 119. వాటిలో నిజమైనవి 42 శాతమే. నెగెటివ్ వచ్చినవారిలో మాత్రం ప్రతి 200 మందికి ఒక్కరే రోగి.

వ్యాధి 20 శాతం మందిలో ఉన్నప్పుడు: రోగులు 2,000 మంది. వారిలో 1,000 మంది తేలతారు. వ్యాధి లేని 8,000 మందిలో 56 మందికి పాజిటివ్ వస్తుంది. ఇప్పుడు పాజిటివ్‌లలో దాదాపు 95 శాతం నిజమైనవే. కానీ నెగెటివ్ వచ్చిన ప్రతి తొమ్మిది మందిలో ఒకరు రోగి.

దీనినుంచి రెండు నిర్ణయాలు వస్తాయి. వ్యాధి అరుదుగా ఉన్నప్పుడు, లక్షణాలు లేనివారిలో వచ్చిన పాజిటివ్‌ను అనుమానించడం హేతుబద్ధం. ఉద్ధృతి ఉన్నప్పుడు అనుమానించవలసినది నెగెటివ్‌ను. 2021 ఏప్రిల్, మే నెలల్లో మన సమాజం దీనికి విరుద్ధంగా ప్రవర్తించింది. పాజిటివ్‌ను శంకించింది, నెగెటివ్‌తో ఊరట చెందింది.

5. తిరస్కారవాద పరిశీలన:

పరీక్షలన్నీ బూటకమన్న వాదం నాలుగు ఆధారాలను తరచు చూపింది. వాటిని విడివిడిగా పరిశీలించాలి.

మొదటిది ఆప్తవాక్యం. పీసీఆర్‌ను 1983లో రూపొందించి 1993లో నోబెల్ పురస్కారం పొందిన కేరీ ముల్లిసే అది వ్యాధినిర్ధారణకు పనికిరాదన్నాడని ప్రచారం జరిగింది. ముల్లిస్ 2019 ఆగస్టులో మరణించాడు. కోవిడ్ పరీక్షపై ఆయన అభిప్రాయం ఉండే అవకాశమే లేదు. ఆప్తవాక్యం ప్రమాణం కావాలంటే ఆప్తుడు ఆ విషయాన్ని ఎరిగి ఉండాలి.

రెండవది టాంజానియా ఉదంతం. 2020 మే నెలలో ఆ దేశాధ్యక్షుడు జాన్ మగుఫులి బొప్పాయి, మేక నమూనాలను మనుషుల పేర్లతో పంపితే పాజిటివ్ వచ్చిందని ప్రకటించాడు. మారుపేరుతో నమూనా పంపడం పరీక్షను పరీక్షించే సక్రమపద్ధతే. కానీ నమూనాలను ఎలా సేకరించారో, ఎన్ని పంపారో, ఎన్ని పాజిటివ్ అయ్యాయో ఇతరులు పరిశీలించే వీలు కల్పించలేదు. టాంజానియా 509 కేసుల వద్ద లెక్కల ప్రకటననే నిలిపివేసింది. పరీక్షలో లోపముంటే మెరుగైన పరీక్ష కావాలి. లెక్క ఆపివేయడం దానికి సమాధానం కాదు.

మూడవది శీతలపానీయం. 2020 డిసెంబర్‌లో ఆస్ట్రియా పార్లమెంటులో ఒక సభ్యుడు యాంటిజెన్ పట్టీపై కోకాకోలా వేసి పాజిటివ్ చూపించాడు. పట్టీపై ఉన్న యాంటీబాడీలు నిర్ణీత ఆమ్లతలోనే సక్రమంగా పనిచేస్తాయి. కిట్‌తో వచ్చే ద్రావణం ఉన్నది అందుకే. నియమాన్ని ఉల్లంఘించి పొందిన ఫలితం నియమబద్ధమైన ఫలితాన్ని ఖండించలేదు.

నాలుగవది సంస్థల ప్రకటనలు. వ్యాధివ్యాప్తి తగ్గినకొద్దీ తప్పుడు పాజిటివ్ అవకాశం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 జనవరిలో ప్రయోగశాలలకు గుర్తుచేసింది. పైన చేసిన గణన చెప్పినదీ అదే. దానిని పీసీఆర్ పనికిరాదని ఒప్పుకున్నట్లుగా ప్రచారం చేశారు. విశేష సందర్భానికి చెప్పిన నియమాన్ని సామాన్యీకరించడం ఇక్కడి హేత్వాభాసం.

ఈ వాదాలు నిలవకపోయినంత మాత్రాన ప్రయోగశాలలు దోషరహితమని చెప్పలేం. 2021 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఇంగ్లండ్‌లోని ఒక ప్రైవేటు ప్రయోగశాల సుమారు 43,000 మందికి పొరపాటుగా నెగెటివ్ ఇచ్చి ఉండవచ్చని అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ ప్రకటించింది. ఇంటివద్ద చేసుకున్న ర్యాపిడ్ పరీక్షలో పాజిటివ్ వచ్చినవారికి పీసీఆర్‌లో వరుసగా నెగెటివ్ రావడంతో అనుమానం మొదలైంది. బలహీనమైన పరీక్ష బలమైన పరీక్షలోని లోపాన్ని బయటపెట్టింది. నిజమైన పరీక్షావిమర్శ ఇలా ఒక ఫలితాన్ని మరొక ఫలితంతో పోల్చిచూసి జరిగేది.

6. 'సీటీ' అనే మాట:

వైరస్ జన్యుపదార్థం ఎన్ని ఆవృత్తుల తర్వాత పరికరానికి కనిపించిందో తెలిపే సంఖ్య సీటీ విలువ. ప్రతి ఆవృత్తిలో ఆ పదార్థం దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి 10 ఆవృత్తుల తేడా అంటే సుమారు 1,000 రెట్ల తేడా. ఈ విలువ తగ్గినకొద్దీ నమూనాలో వైరస్ ఎక్కువ. ఊపిరితిత్తుల స్కానింగ్‌లో వచ్చే తీవ్రతను 25కు లెక్కించే సంఖ్య కూడా వాడుకలో సీటీ స్కోరే. ఇది పెరిగినకొద్దీ నష్టం ఎక్కువ. రెండు వేర్వేరు ఆంగ్ల సంక్షేపాలు తెలుగులో ఒకే మాట అయ్యాయి. 'సీటీ 8 వచ్చింది' అన్న వాక్యానికి ఒక అర్థంలో నమూనా నిండా వైరస్ ఉందని, మరొక అర్థంలో ఊపిరితిత్తులకు స్వల్పంగానే హాని జరిగిందని తాత్పర్యం. ఈ నానార్థక పదం శ్లేషకవికి వరం కావచ్చు, రోగి బంధువుకు మాత్రం ప్రమాదకరం.

ఆర్టీపీసీఆర్‌లో పాజిటివ్‌కు ఐసీఎంఆర్ నిర్ణయించిన పరిమితి 35. దానిని తగ్గిస్తే వ్యాధి వ్యాపింపజేయగల కొందరు వదిలిపోతారని హెచ్చరించింది. నమూనా తీసిన చేయి, కిట్ రకం, రవాణా అన్నీ ఆ విలువను మారుస్తాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ద్రవమాధ్యమం లేకుండా పొడి స్వాబ్‌తో, ఆర్‌ఎన్‌ఏను వేరుచేసే దశ లేకుండా పరీక్షించే పద్ధతిని రూపొందించగా 2020 నవంబర్‌లో దానికి అనుమతి లభించింది. నమూనా ప్రయాణించే దారి కూడా పరీక్షలో భాగమేనన్న గుర్తింపు ఈ కృషి వెనుక ఉంది.

7. నివేదికే ప్రమాణమైనప్పుడు:

జ్ఞానానికి ప్రామాణ్యం స్వతస్సిద్ధమని మీమాంసకులు, అది బయటి ఆధారాలవల్ల తేలవలసినదని నైయాయికులు వాదించారు. బాధకజ్ఞానం కలిగినప్పుడు మొదటి జ్ఞానాన్ని విడిచిపెట్టాలన్న విషయంలో మాత్రం ఉభయులకూ భేదం లేదు. మహమ్మారికాలపు పాలనావ్యవస్థ నివేదికకు స్వతఃప్రామాణ్యాన్ని ఇచ్చింది కానీ బాధకానికి చోటు ఇవ్వలేదు. దగ్గు, ఆయాసం, పడిపోతున్న ఆక్సిజన్ ఎదురుగా కనిపిస్తున్నా పాజిటివ్ కాగితం లేనిదే పడక దొరకని పరిస్థితి ఏర్పడింది. ఆసుపత్రిలో చేరడానికి పాజిటివ్ నివేదిక తప్పనిసరి కాదని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2021 మే 8న ప్రకటించవలసివచ్చింది. అప్పటికే రెండవ ఉద్ధృతి శిఖరస్థాయికి చేరింది. అదే నెలలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే చేపట్టి, పరీక్ష కోసం వేచిచూడకుండా లక్షణాలున్నవారికి మందుల కిట్లు ఇవ్వడం ఇదే వాస్తవానికి మరొక అంగీకారం.

కాగితం ప్రభావం మరణం తర్వాత కూడా తొలగలేదు. మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల సహాయం ఇచ్చేందుకు పరీక్షలో గాని, ఆసుపత్రి వైద్యపరిశీలనలో గాని కోవిడ్ తేలి ఉండటం ఆధారమైంది. పరీక్షకు నోచుకోక ఇంటివద్దనే కన్నుమూసినవారి విషయంలో ఈ ఆధారం ఎక్కడిది? మరణధ్రువపత్రంలో కోవిడ్ అని లేదన్న ఒక్క కారణంతో సహాయాన్ని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2021 అక్టోబర్‌లో ఆదేశించింది. పరీక్ష లేకపోవడం వ్యాధి లేకపోవడం కాదన్న ఇంగితాన్ని న్యాయస్థానం గుర్తుచేయవలసివచ్చింది.

8. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

- పరీక్ష విశ్వసనీయత పరీక్షలో మాత్రమే ఉండే గుణం కాదు. పరీక్షించిన దినం, నమూనా, వ్యాధివ్యాప్తి, రోగి లక్షణాలు కలిసి దానిని నిర్ణయిస్తాయి.
- గుడ్డినమ్మకం, గుడ్డితిరస్కారం రెండూ ఫలితాన్ని సందర్భం నుంచి వేరుచేస్తాయి. మొదటిది అవ్యాప్తిని మరచింది, రెండవది అతివ్యాప్తిని భూతద్దంలో చూపింది.
- 'నిర్ధారణ', 'సీటీ' వంటి మాటలు పరిశీలనను తీర్పుగా, ఒక సంఖ్యను మరొక సంఖ్యగా భ్రమింపజేశాయి. వైద్యవిషయాల తెలుగు రచనలో 'నిర్ధారణ పరీక్ష'కు బదులు 'వైరస్ పరీక్ష' అనడం, 'సీటీ' పక్కన 'విలువ' అనో 'స్కాన్' అనో విధిగా చేర్చడం అవసరం.
- పరీక్షల సంఖ్యను ప్రకటించే ప్రభుత్వం వాటి రకాన్ని, నెగెటివ్ వచ్చాక మళ్లీ పరీక్షించినవారి సంఖ్యను కూడా ప్రకటించాలి. అవి లేని గణాంకం విమర్శకు అందదు.

ఒక్క వీడాల్ పరీక్షతోనే టైఫాయిడ్ అని తేల్చుకునే అలవాటు మన ఊళ్లలో కోవిడ్‌కు ముందునుంచీ ఉన్నదే. కాబట్టి ఇక్కడ చర్చించిన సమస్య ఒక మహమ్మారితో వచ్చి దానితో పోయేది కాదు. రేపు మరొక వ్యాధి, మరొక పరీక్ష వస్తాయి. ఆనాటి కాగితంపై ఉన్న ఒక్క మాటను చదివేటప్పుడు ఆ మాట నమూనాను గురించినదా, మనిషిని గురించినదా అని అడగగలిగిన సమాజమే ఆ పరీక్షను సక్రమంగా ఉపయోగించుకోగలుగుతుంది.