శాతం దేని మీద?

ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్ ఎయిమ్స్‌లో గానీ, జనం ‘మేకాహారా’ అని పిలుచుకునే అంబేద్కర్ ఆసుపత్రిలో గానీ ఓపీ చీటీ రాయించుకునే ప్రతి రోగీ వయసు, ఊరు, జిల్లా చెప్పాల్సిందే. వైద్య విద్యార్థి థీసిస్‌లో మొదటి పట్టిక ఇలాంటి వివరాలతోనే తయారవుతుంది. ఎస్‌పీఎస్‌ఎస్‌లో ‘ఫ్రీక్వెన్సీస్’ నొక్కినా, ఆర్‌లో ‘టేబుల్’ అని ఒక్క ఆదేశమిచ్చినా పౌనఃపున్య పట్టిక క్షణంలో సిద్ధం. ఇంత తేలిగ్గా వస్తుంది కాబట్టే దాన్ని లాంఛనం కింద జమకట్టి, పీ విలువల పేజీకి పరుగెడతారు. నిజానికి అధ్యయనం నిలిచేదీ, కూలేదీ ఆ మొదటి పట్టిక దగ్గరే. లెక్కపెట్టడం సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఎవరు ఏ వరుసలోకి వస్తారో మాత్రం మనిషే తేల్చాలి.

జిల్లా అన్న ఒక్క గడినే చూడండి. మన ఉద్దానంలాగే కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి వార్తల్లో ఉన్న సుపేబేడా గ్రామం గరియాబంద్ జిల్లాలో ఉంది. ఆ జిల్లా 2012లో రాయ్‌పూర్ జిల్లా నుంచి విడిపోయింది. అంతకుముందు వచ్చిన రోగి పాత రికార్డులో రాయ్‌పూర్ వాడు, తరువాత వచ్చిన అతని పొరుగువాడు గరియాబంద్ వాడు. పదిహేనేళ్ల రికార్డులను సరిచూసుకోకుండా పట్టిక వేస్తే రాయ్‌పూర్‌లో జబ్బు తగ్గినట్టు, గరియాబంద్‌లో కొత్తగా పుట్టినట్టు కనిపిస్తుంది. దీనికి తోడు ఒకరు హిందీలో, మరొకరు ఇంగ్లిష్‌లో, అదీ రెండు స్పెల్లింగులతో ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ ఒకే జిల్లాను మూడు జిల్లాలుగా లెక్కగడుతుంది. అందుకే పేర్ల బదులు అంకెల కోడ్లు, వాటికో కోడ్ పుస్తకం ముందే రాసుకోవడం ఈ పనిలో పాత ఆచారం.

ఖాళీ గడుల సంగతి ఇంకా చిక్కు. ఉదాహరణకు 200 మంది కిడ్నీ రోగుల్లో 64 మంది రైతులనీ, 40 మంది వృత్తి నమోదు కాలేదనీ అనుకుందాం. ఎస్‌పీఎస్‌ఎస్ ‘పర్సెంట్’ నిలువు వరుసలో రైతులు 32 శాతం. పక్కనే ‘వ్యాలిడ్ పర్సెంట్’లో 40 శాతం. రెండూ సరైన లెక్కలే, హారాలే వేరు. ఆర్ అయితే, విడిగా అడిగితే తప్ప ఎన్‌ఏగా నమోదైన ఖాళీలను చూపించదు. ఆ ఖాళీలు యాదృచ్ఛికంగా ఏర్పడినవీ కావు: ప్రాణం మీదికి వచ్చిన రోగిని వృత్తి అడిగే తీరిక ఎవరికి ఉంటుంది? వాళ్లను వదిలేసిన పట్టికలో జబ్బు ముదిరినవాళ్లే తగ్గిపోవచ్చు.

వయసు విషయంలోనూ ఇంతే. పుట్టిన తేదీ తెలియనివారు యాభై అనో, అరవై అనో చెబుతారు. సున్నా, అయిదులతో ముగిసే వయసులు కుప్పపడటాన్ని కొలిచేదే విపుల్ (Whipple) సూచిక: కుప్ప లేకపోతే 100, అందరూ అలాగే చెబితే 500. 50–59 అని తరగతి కడితే నలభై ఎనిమిదేళ్ల వాళ్లు కొందరు యాభై అని చెప్పి అందులోకి దూరతారు. 45–54 అని కడితే ఆ కుప్ప తరగతి నడుమకు వస్తుంది. కాబట్టి అసలు వయసునే నమోదు చేసి, తరగతులు తరువాత కట్టుకోవాలి. నమోదులోనే తరగతి రాస్తే వెనక్కి తిరిగే దారి ఉండదు.

ఇంత శ్రమపడి ఏం లాభం, పట్టిక కారణం చెప్పదు కదా అనేవారున్నారు. చెప్పదు, నిజమే. కానీ రోగుల్లో రైతులు ఎక్కువా, మధుమేహులు తక్కువా అన్నది తేలనిదే కారణాన్ని ఎక్కడ వెతకాలో తెలియదు. రెండో అభ్యంతరం బలమైనది: ఆసుపత్రికి వచ్చినవారు రాష్ట్ర జనాభా కారు. 2011 జనగణన ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగలవారు 30.6 శాతం. రోగుల్లో వారి వాటా అంతకన్నా తక్కువగా ఉంటే జబ్బు తక్కువని అర్థం కాకపోవచ్చు; తెగలవారు ఎక్కువగా ఉండే ప్రాంతంలోని జగ్దల్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు దాదాపు 300 కిలోమీటర్ల దారి. అయితే ఈ అభ్యంతరం పట్టికను కొట్టేయదు, దాని విలువను పెంచుతుంది. ఎవరు రాలేకపోతున్నారో జనగణనతో పోల్చి అడగగలిగేది ఈ పట్టికతోనే.

అందుచేత పరిశోధకులకు ఒక్క విన్నపం. ప్రతి పట్టిక కింద మొత్తం ఎందరు, ఎన్ని ఖాళీలు, శాతం దేని మీద, తరగతులు ఎలా కట్టారు అన్న నాలుగు సంగతులు రాయండి. అవి లేని పట్టికను గైడ్లు వెనక్కి పంపాలి.