నలోపాఖ్యానమునందలి పుష్కరుఁడు

నలోపాఖ్యానమును వ్యాఖ్యానించువారు తఱచుగా హంసదౌత్యమును, స్వయంవరమును, దమయంతీపాతివ్రత్యమును ప్రశంసించి, కథాంతమునందలి నలపుష్కరసమాగమమును ఉపసంహారమాత్రముగా నెంచి విడుచుచున్నారు. శ్రీనాథుని శృంగారనైషధము శ్రీహర్షుని ననుసరించి ద్యూతమునకు ముందే ముగియుటచే, ఆ కావ్యమును మాత్రమే చదివినవారికిఁ బుష్కరుఁడు పరిచితుఁడే కాఁడు. భారతమునందలి కథ యట్టిది కాదు. నలుని కష్టములు తమ్మునితోడి జూదముచే మొదలై, తమ్మునితోడి జూదముచేతనే ముగిసినవి. కావునఁ బుష్కరుని విడిచి చెప్పిన తాత్పర్య మసమగ్రము.

ముందుగా శబ్దము విచారింపఁదగినది. పాణిని భ్రాతృశబ్దముపై వ్యత్ప్రత్యయమును విధించి, భ్రాతృవ్యుఁడనఁగా సోదరపుత్రుఁడని తెలిపెను. అనంతరసూత్రముననే వ్యన్ప్రత్యయముచే నదే రూపమునకు శత్రువను నర్థమును సాధించెను. రూపమొక్కటియే, భేదము స్వరమునందు మాత్రమే. మొదటిది స్వరితాంతము, రెండవది ఆద్యుదాత్తము. తెనుఁగున నీ విషయము మఱింత విశదము. దాయ యనఁగా జ్ఞాతియు, శత్రువును. దాయము పిత్ర్యమైన భాగము; పాచికల పాటును దాయమే. పాలివాఁడను మాటయుఁ బాలు, అనఁగా భాగము, నుండి పుట్టినది. అన్నదమ్ముల నడుమఁ బగ యే ద్వారమునఁ బ్రవేశించునో యీ మాటలే చెప్పుచున్నవి. నలునకు భాగమైన దాయము పాచికల దాయముచేఁ బోయెను. తమ్ముఁడు దాయ యయ్యెను.

ఈ పగ స్వల్పమైనది కాదు. జూదము పెక్కుమాసములు సాగెను. రాజ్యము పోవుట నిశ్చయమని యెఱిఁగి దమయంతి బిడ్డల నిద్దఱను వార్ష్ణేయునితోఁ గుండినపురమునకుఁ బంపివేసెను. ఏకవస్త్రుఁడై నలుఁడు వెడలినంతట, అతని నాదరించినవారు వధ్యులని పుష్కరుఁడు చాటింపించెను. పురసమీపమున మూఁడురాత్రులు నలుఁడు నీరు మాత్రమే త్రావి యుండెను. ఓడిన యన్నను వెడలఁగొట్టుట జయము. అతనికి గ్రాసము దొరకకుండఁ జేయుట క్రౌర్యము.

మరలివచ్చిన నలుఁడు రథమొకటి, ఏనుఁగులు 16, గుఱ్ఱములు 50, కాల్బలము 600 తో నిషధపురిఁ జేరెను. జూదమైన నాడుము, కాదేని ద్వంద్వరథయుద్ధము చేయుమని తమ్మునిఁ బిలిచెను. దమయంతిని గెలిచికొందునని పుష్కరుఁ డుబ్బుచుఁ బలుకఁగా, ఖడ్గముతో నతని తలఁ ద్రెంచవలెనన్నంత కోపము నలునకుఁ గలిగెనని మూలము స్పష్టముగాఁ జెప్పుచున్నది. ఒక్క పందెమున గెలిచిన పిమ్మటఁ గూడఁ బరుషముగానే మాటాడెను. వెంటనే, పూర్వము తన్నోడించినది కలియే కాని నీవు కావనియు, పరకృతదోషమును నీపై మోపననియుఁ జెప్పి, ప్రాణముతోఁ బాటు భాగమును గూడ నిచ్చి, కౌఁగిలించుకొనెను. పుష్కరుఁడు మాసము దినములు సత్కారములంది స్వపురమునకు వెడలెను.

ఇచ్చట నొక పూర్వపక్షము. దోషమంతయుఁ గలిపై మోపినచోఁ బుష్కరుఁడు నిర్దోషి యగును. నిర్దోషిని క్షమించుటలో గొప్ప యేమి? సమాధానము కథలోనే యున్నది. కలి యావేశించినది పుష్కరుని కాదు, నలుని. పుష్కరుని జూదమునకుఁ బురికొల్పిన యా కలియే నలుని శరీరమునఁ జొచ్చి, వలదన్న మంత్రుల మాటను, భార్య మాటను విననీయలేదు. రాజ్యము నొడ్డినది నలుని చేయియే. అట్టి యాటకుఁ గలిని కారణముగాఁ జెప్పి తన్నుఁ దాను మన్నించుకొనువాఁడు, ఎదుట కూర్చున్నవానికి నా కారణమును నిరాకరించుట న్యాయము కాదు. నలుని క్షమ దయ యనుటకంటె న్యాయమనుట యుచితము. అట్లని తమ్మునిఁ గేవల నిర్దోషిగాను జూడలేదు. దమయంతిఁ గూర్చిన పలుకు కలి తొలఁగిన పిదపఁ బుష్కరుఁడు తానై పలికినది. దానికిఁ దగిన పరుషవాక్యము నలుఁడు పలికియే తీఱెను. గడచినది వేఱు, ఇప్పటిది వేఱని వివేచించుటయే యీ ఘట్టమునకుఁ బ్రాణము.

ఈ కథను వినిన ధర్మరాజు బృహదశ్వునివలన నక్షహృదయమును గ్రహించెను. నలుని క్షమ వినియోగపడుటకు మాత్ర మవకాశము కలుగలేదు. అయిదూళ్లైనను నీయనొల్లని చోట భాగము లేదు, భాగము లేనిచోట సంధి లేదు. కర్ణుని విషయము మఱియు దారుణము. స్త్రీపర్వమున గంగాతీరమందుఁ దిలోదకములు విడుచు తఱిఁ గుంతి నిజము చెప్పెను. అప్పటి కన్న కీయఁదగినది నీరే. తీరము కోఁతవడి సముద్రగతమైన పిదప నేలకు హద్దు లేర్పఱచుట యెట్టిదో, మరణానంతరమున వరుస తెలియుట యట్టిది. కడలి నేలను గోసికొనుచుండుటఁ గన్నులారఁ జూచు ఉప్పాడవారికి నీ యుపమానమును వివరింపనక్కఱలేదు. ఆ యూరికి ననతిదూరమున, పీఠాపురమున, కుంతీమాధవుఁడు వెలసియున్నాఁడు. కుంతి పేరు విన్నప్పుడెల్ల నీ యాలస్యము స్మరణీయము.

ఈ యుపాఖ్యానమును నన్నయభట్టు తెనిఁగించినది రాజరాజనరేంద్రుని కొఱకు. ఆ రాజు చోళరాజపుత్రి కుందవ కుమారుఁడు. విజయాదిత్యుఁడు సవతితల్లి కుమారుఁడు. 1022 లోఁ బట్టాభిషిక్తుఁడైన రాజరాజు 1031 ప్రాంతమున విజయాదిత్యునివలన వేంగిని గోల్పోయి, నాలుగైదేండ్లకు మరలఁ గైకొనెను. కవి తన రాజును మనసున నుంచుకొని పుష్కరుని రచించెనని చెప్పుట సాహసము. కాని తమ్మునిచేత రాజ్యము గోల్పోయి మరలఁ బొందిన శ్రోతకు నీ ఘట్టము కట్టుకథగా వినఁబడియుండదు.

రాజరాజు 1061 లో గతించిన పిదప వేంగి విజయాదిత్యుని వంకకే చేరెను. రాజరాజతనయుఁడు కులోత్తుంగుఁడు దిగ్విజయేచ్ఛచే నా రాజ్యమును బినతండ్రి కిచ్చెనని వీరచోడుని చెల్లూరు తామ్రశాసనము చెప్పుచున్నది. బలిమిఁ గొనినదానినే యిచ్చినట్లు వ్రాసిరని చరిత్రపరిశోధకులు సంశయింతురు. ఆ సంశయము నిజమే యగుఁగాక. తమ వంశకథను రాగిఱేకుపైఁ జెక్కించుకొనునపుడు వారు పగను గాక భాగదానమును జెక్కించుకొనఁ గోరిరి. లోకమున జరుగనిది సయితము జరిగినట్లు చెప్పుకొనఁ దగినంత గౌరవము దేనికి గలదో యిందువలనఁ దెలియుచున్నది. నలుఁడు పుష్కరున కిచ్చినదియు నదియే.