చూపు నాది, బొమ్మ ఎవరిది?

పరిశోధన పూర్తయ్యాక నా కోసం నేను కొనుక్కున్న మొదటి వస్తువు కెమెరా. సెకండ్‌హ్యాండ్‌ది. డాక్టరేట్ కోసం ఏడేళ్లు స్త్రీల మౌఖిక కథనాల మధ్యే గడిపాను. ఇంకొకరి మాటల్ని రాసి రాసి, నా కంటితో చూసిందేదైనా నేనే చెప్పాలన్న ఆశ పుట్టింది. మొదటి ఆరు నెలలూ అందరిలాగే సూర్యాస్తమయాలూ, గుడి మెట్ల మీద ముసలమ్మల ముడతలూ తీశాను. చూసినవాళ్లు బాగున్నాయన్నారు. నిజానికి అవి ఎవరు తీసినా అలాగే ఉండేవి.

ఒక ఫిబ్రవరిలో గుంటూరు దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాను. ఎర్రటి రాశుల మధ్య ముక్కుకీ నోటికీ గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. స్త్రీల శ్రమ గురించి చదివిందంతా కళ్లముందు కనిపిస్తుంటే, నాకు కావలసిన విషయం దొరికేసిందనుకున్నాను. వరసగా నొక్కుతూ పోయాను. ఘాటుకి దగ్గు ఆగక కెమెరా దించినప్పుడు, ఒక నడివయసామె గుడ్డ కిందికి లాగి అడిగింది: “ఏందమ్మాయ్, అడగా పెట్టకుండా తీస్తన్నావ్? ఈ గుడ్డా, ఈ అవతారమూ ఏం బాగుంటయ్? ఆదివారం ఇంటికి రా. మంచి చీర కట్టుకుని కూర్చుంటా, అప్పుడు తియ్యి.”

సిగ్గుతో చచ్చిపోయాను. టేప్‌రికార్డర్ ఆన్ చేసేముందు ప్రతి ఒక్కరి అనుమతీ అడిగినదాన్ని నేను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలతో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివి, వినడం నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నది కెమెరా చేతికి రాగానే ఎటు పోయింది? మాట ఆమెదని తెలుసు. రూపం మాత్రం నా కంటబడింది కాబట్టి నాదే అనుకున్నాను.

ఆ తర్వాత మన దేశంలోని కొందరు స్త్రీల ఫోటోలను మళ్లీ దగ్గర పెట్టుకుని చూశాను. హోమాయ్ వ్యారావాలా (1913–2012) తొలి మహిళా ఫోటో జర్నలిస్టు. మొదట్లో ఆమె తీసిన ఫోటోలు భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. ఆమె పేరు వినగానే అందరికీ నెహ్రూ, మౌంట్‌బాటెన్‌ల బొమ్మలే గుర్తొస్తాయి. నాకిష్టమైనవి మాత్రం బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో తోటి విద్యార్థినులను తీసినవి. ఆ అమ్మాయిలు కెమెరా ముందు బిగుసుకుపోరు. తమలో ఒకతే తీస్తోందన్న భరోసా వాళ్ల ముఖాల్లో తెలుస్తుంది. కింద ఎవరి పేరు వేసినా ఆ చనువు మాత్రం హోమాయ్‌దే. పేరు ముఖ్యం కాదని కాదు. అది దక్కక ముందే చూపు ఏర్పడుతుందని మాత్రం అర్థమైంది.

దయానీతా సింగ్ విషయం ఇంకోరకం. 1989లో ఢిల్లీలో ఒక పత్రిక పనిమీద హిజ్రాల ఫోటోలు తీయడానికి వెళ్లి మోనా అహ్మద్‌ని కలిసింది. అవి అచ్చు కాకూడదని మోనా కోరితే, తీసిన ఫిల్మ్ ఇచ్చేసింది. ఆ స్నేహం ఏళ్ల తరబడి సాగి, 2001లో ‘మైసెల్ఫ్ మోనా అహ్మద్’ వచ్చింది. అందులో బొమ్మలతోపాటు మోనా మాటలూ ఉన్నాయి. ఫోటోగ్రాఫర్ తనదైన గొంతు కోసం ఏం తీయాలా అని వెతుకుతుంది. దయానీతాకి అది తిరిగి ఇచ్చేయడంలో మొదలైందని నాకనిపిస్తుంది.

గౌరీ గిల్ 2003లో రాజస్థాన్‌లోని లూణ్‌కరణ్‌సర్‌లో జరిగిన బాలికా మేళాలో ఒక డేరా వేసి కూర్చుంది. వచ్చిన అమ్మాయిలు తమకు నచ్చినట్టు నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. ఆ బొమ్మల్లో జాలిపడటానికి ఏమీ దొరకదు. మిరప రాశుల దగ్గర ఆమె అడిగింది కూడా ఇదే కదా!

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. అందరూ కుర్చీలో కూర్చుని మంచి చీరల్లోనే కనిపిస్తే వాళ్లు చేసే పని ఎక్కడ కనపడుతుంది? మా ఇంటి ఆల్బంలో ప్రతి పెళ్లిలోనూ అమ్మ ఉంది. పొయ్యి దగ్గర అమ్మ ఒక్క ఫోటోలోనూ లేదు. ఆమె రోజులో ఎక్కువ భాగం గడిచింది అక్కడే. తీయించుకునేవాళ్ల కోరికను గౌరవించడమంటే, శ్రమను నామోషీగా చూసే లోకానికి తలవంచడం కూడా అవుతుందా? ఈ ప్రశ్నకి పై ముగ్గురిలో ఎవరి దగ్గరా నాకు పూర్తి జవాబు దొరకలేదు.

ఆదివారం వెళ్లాను. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసి, నీలం రంగు చీరలో కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకోమన్నాను. “చేతులొద్దులే, మంటెక్కి ఉన్నయ్” అని కొంగు కింద దాచుకుంది. నేను బలవంతపెట్టలేదు. తర్వాత పనిదగ్గర తీసినవన్నీ కెమెరాలోనే చూపించాను. ఒక్కొక్కటే చూసి, ముఖం తెలియని ఒకటి ఉంచుకోమంది. మిగతావి ఆమె ఎదుటే చెరిపేశాను. వాటిలో చాలా మంచివనుకున్నవి రెండున్నాయి. వాటికోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

ఆదివారం బొమ్మ వాళ్లింట్లో టీవీ పైన గోడకి ఉంది. నా బల్లమీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మిరప రాశుల దాంట్లో నా చదువు కనిపిస్తుంది. నీలం చీర దాంట్లో ఆమె కోరిక. పనీ, ఆమె ఇష్టమూ కలిసిన బొమ్మ ఇంకా తీయలేదు. వచ్చే సీజన్‌కి రానా అని అడిగితే రమ్మంది. ఇంటర్ చదివే కూతురి చేతికి ఒక పూట కెమెరా ఇవ్వాలన్నది ఆమె పెట్టిన షరతు.