పుట్టుకే నేరమైన చోట

2014లో వచ్చిన ఎక్స్‌మెన్ సినిమా 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్'ను మన పిల్లలు ఫైట్ల కోసం చూస్తారు. చూడనివ్వండి. పెంటగాన్ వంటగదిలో క్విక్‌సిల్వర్ తూటాల నడుమ పరుగెత్తే ఘట్టానికి మేమూ ఈలలేసినాం. మమ్మల్ని పట్టుకున్నది మాత్రం వేరే సంగతి.

2023లో సెంటినెల్స్ అనే యంత్రాలు మ్యూటెంట్లను వెతికి వెతికి చంపుతుంటాయి. వాళ్లేం చేసినారని కాదు, వాళ్ల రక్తంలో ఏముందని. వాటిని తలపెట్టినవాడు ట్రాస్క్. 1973లో మిస్టిక్ అతన్ని చంపడంతో భయపడిన ప్రభుత్వం ఆ యంత్రాలు కట్టించింది. ఆ హత్యను ఆపడానికి వుల్వరిన్ మనసును యాభై ఏళ్లు వెనక్కి పంపుతారు.

రక్తం చూసి నేరం అంటగట్టడం మనకు కట్టుకథ కాదు. 1871 నాటి నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు రాజ్యానికీ వచ్చింది. చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడాదే. ఎరుకలవాళ్లు జాబితాకెక్కినారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అట్లా వెలసిన సెటిల్‌మెంటే. 1952లో చట్టం పోయింది, మచ్చ పోలేదు. 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్' (1991) మొదలు 'టైగర్ నాగేశ్వరరావు' (2023) దాకా మన తెరకు ఆ ఊరంటే దొంగల కథే.

మిస్టిక్‌ను చూడండి. నీలి ఒళ్లు దాచి పరుల ముఖాలు తొడుక్కుని తిరుగుతుంది. తిరుపతిలో అద్దె గది కోసం కులం దాచే మన కుర్రాళ్లకు ఆమె కొత్త కాదు. చివర్లో సొంత ముఖంతో నిలబడి, తుపాకీ దించి ట్రాస్క్‌ను వదిలేస్తుంది. సినిమాకు ప్రాణం అక్కడుంది.

పేచీలూ ఉన్నాయి. 1981 నాటి క్లేర్‌మాంట్, బర్న్‌ల కామిక్‌లో వెనక్కి వెళ్లేది కిట్టీ ప్రైడ్ అనే పిల్ల. సినిమాలో ఆమెను హీరో తల దగ్గర కూర్చోబెట్టినారు. కామిక్స్‌లో అపాచీ ఆదివాసి అయిన వార్‌పాత్‌కు ఇక్కడ దక్కింది కాపలా కాయడం, చావడం. మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. (మన 'ఆదిత్య 369' టైం మెషిన్ కూడా రాయలవారి కాలానికే పోయింది, మన గుడిసె వాకిట్లో ఎందుకు దిగుతుంది!)

పెద్ద పేచీ ఇంకొకటి. ఒక్క తూటా ఆపితే అంతా బాగుపడుతుందట. మనల్ని పంపితే ఏ ఏటికి పోవాల? 1871కా, 1911కా? సినిమాలోని 1973కు కాస్త ముందే, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోటలో, రాకెట్ కేంద్రం కోసం యానాదులు ఊళ్లు వదిలినారు. 1971 అక్టోబరులో అక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. అక్కడ ఎవరి చేతిలోని తుపాకీ దించాల? మన మీద పడింది ఒక ట్రాస్క్ కాదు, చట్టం, రిజిస్టరు, కచేరీ గుమాస్తా, పక్కింటివాళ్ల చూపు.

చివరికి వుల్వరిన్ బడిలో నిద్ర లేస్తాడు. చచ్చినవాళ్లంతా బతికున్నారు. పడిన బాధ గుర్తున్నది అతనికీ, ప్రొఫెసర్‌కూ తప్ప మరెవరికీ లేదు. టీచర్లు ఇక్కడ ఆగి చూడాల. క్లాసుకు టైమైందంటారు అతన్ని. ఏం క్లాసంటే, చరిత్ర. జరిగింది చెప్తాడా, చెరిగిపోయింది చెప్తాడా? సినిమా ఆ గదిలోకి పోలేదు.