తూగు

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి వచ్చే రోజుల్లో ఎమ్మిగనూరు రోడ్డు పక్కన కాసేపు నిలబడండి. పత్తికి బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. బోరేలు కట్టిన ట్రాక్టరు గుంతలో దిగితే ముందు చక్రం ఊగుతుంది, తర్వాత తొట్టి ఊగుతుంది, చివరికి పైనున్న బోరెం ఊగుతుంది. అది నిలిచేదాకా డ్రైవరు ఊపిరి బిగబట్టుకుంటాడు.

మా చేను దాటి బయటికి రాని ముసలి జీపు ఒకటి ఉంది. ఏరిన పత్తిని గట్టు మీది కొట్టం దాకా మోయడమే దాని ఉద్యోగం. నల్లరేగడి ఎండి నెర్రెలిచ్చాక నాలుగు బోరేలతో వంక దాటడం ప్రతి ఏడూ ఒక గండం. పోయినేడు వెనక కమాన్ కట్టలకు చెరో పట్టీ ఎక్కువ వేయించాను. బండి గట్టిపడింది, నా నడుము విరిగింది, తూగు మాత్రం పెద్దగా తగ్గలేదు.

ఎమ్మిగనూరులో వెల్డింగు చేసే ఉస్తాద్‌ను పిలుచుకొచ్చాను. ఆయన బండి కింద దూరి, టేపు పట్టి, నన్నూ దూరమన్నాడు. చక్రాల ఎడం 4 అడుగులు. ఒంటిని మోసే రెండు కట్టల ఎడం 28 అంగుళాలే.

"మగ్గం చూసినావు గదా సారూ? బట్ట చుట్టే దోనెను రెండు కొసల్లో ఆనిస్తారా, నడిమధ్య ఆనిస్తారా? నీ బండి నడిమధ్య ఆనుకోనుండాది. పట్టీలు పెంచితే ఏమొస్తాది? కట్టలు బయటికి జరపల్ల."

నేతగాళ్ల ఊరి మనిషి చెప్పాల్సిన మాటే అది. లెక్కా ఆయన పక్షానే ఉంది. బండి పక్కకు ఒరగకుండా కట్టలు ఇచ్చే పట్టు వాటి ఎడానికి వర్గంగా పెరుగుతుంది. అటు 2, ఇటు 2 అంగుళాలు జరిపితే 28 కాస్తా 32 అవుతుంది. ఎడం పెరిగింది ఏడో వంతు. పట్టు పెరిగేది సుమారు 30 శాతం. రెండు చక్రాలూ ఒకేసారి గుంతలో పడితే మాత్రం కట్ట ఎప్పటంత మెత్తగానే ఉంటుంది. అదనంగా వేసిన పట్టీలు తీసేయించాను. నడుము బతికింది.

ఇది మా ఉస్తాద్ కనిపెట్టిన విద్యేం కాదు. 1976లో అమెరికాలో వచ్చిన సీజే-7 జీపుకు కంపెనీవాళ్లే ఛాసిస్‌ను వెనక భాగంలో వెడల్పు చేసి, కట్టలనూ షాక్ అబ్జార్బర్లనూ బయటికి తెచ్చారు. వాళ్లు ఫ్యాక్టరీలో చేసింది ఈయన వేపచెట్టు కింద చేశాడు.

చేసిన తీరు చూడాలి. ఛాసిస్‌కు బయటి వైపున బ్రాకెట్లు పెట్టి ఊరుకోలేదు. అటూ ఇటూ బ్రాకెట్లను కలుపుతూ అడ్డంగా ఒక పైపు వేశాడు. లేకుంటే పక్కకు జరిగిన బరువు ఛాసిస్‌ను మెలిపెడుతుందట. ఇరుసు గొట్టం మీద కట్ట కూర్చునే దిమ్మెలను కోసి కొత్తచోట అతికేటప్పుడు అంగుళం అతికి ఆగడం, చల్లారాక రెండోవైపు మరో అంగుళం అతకడం. ఒకేసారి కాలిస్తే గొట్టం వంకరపోతుంది. నా తొందర చూసి బీడీ వెలిగించుకున్నాడు. ముందువైపు ముట్టుకోలేదు. అక్కడ కట్టలు జరిపితే స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు రాసుకుంటుంది.

"రోడ్డు మీదికి మటుకు తీసుకపోవద్దు సారూ" అన్నాడు పోతూ పోతూ. బండిలో ఇలాంటి మార్పులను కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది. అదీగాక వెనక మాత్రమే గట్టిపడిన బండి వేగంగా మలుపు తిరిగితే వెనక చక్రాలు ముందే పట్టు వదులుతాయి. చేలో నడక వేగమే కాబట్టి నడిచిపోతుంది.

ఈ ఏడు నాలుగు బోరేలతో వంకలోకి దిగాను. పైన బోరెం కదల్లేదు. సంబరపడుతుండగానే ఒక వెనక చక్రం గాలిలోకి లేచింది. ఇదివరకు ఇరుసు పల్లానికి తగ్గట్టు వంగేది, నాలుగు చక్రాలూ నేలను అంటిపెట్టుకుని ఉండేవి. ఇప్పుడు కట్టలు ఎడంగా కూర్చుని ఆ ఇరుసును అంత వంగనివ్వడం లేదు. లేచిన చక్రం గిర్రున తిరుగుతోంది, నేల మీది చక్రం చూస్తూ కూర్చుంది. చివరికి కూలీలు తోశారు.

ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే ఉస్తాద్ నవ్వాడు.

"ఊగేదీ వంగేదీ ఒగటే గుణం సారూ. ఊగొద్దంటివి, వంగడమూ తగ్గింది. రెండూ కావల్లంటే నాకెందుకు చేస్తావు ఫోను? పార తీసుకోని వంకలో మన్ను సదును చేసుకోపో."

పార తీసుకునే వెళ్లాను.