ఆరు కోర్టులు, ఒక రీలు

మా అక్క కూతురు మిన్నెసోటాలో ఓ చిన్న కాలేజీ టెన్నిస్ జట్టుకి ఎంపికైందని తెలియగానే నేను అడిగింది డబ్బు సంగతే.

"స్కాలర్‌షిప్ ఎంతిస్తారే?"

"ఆటకి ఒక్క డాలరు కూడా ఇవ్వరు మావయ్యా. మాది డివిజన్ త్రీ."

అమెరికా కాలేజీ టెన్నిస్ అంటే నాకు గుర్తొచ్చేది మన సాకేత్ మైనేని ఆడిన అలబామా యూనివర్సిటీ. అది డివిజన్ వన్. అక్కడ రాకెట్ పట్టిన చెయ్యి చదువు ఖర్చు కూడా మోస్తుంది. డివిజన్ త్రీలో ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదని నియమం. మార్కులు చూసి, ఇంటి పరిస్థితి చూసి ఇచ్చేదేదో ఇస్తారు, అంతే.

మరి జట్టుకున్న ఆస్తేమిటంటే, "కోర్టులు. కప్పు కిందవి ఆరు దొరికితే పండగే" అంది. నవ్వాను గానీ, లెక్కేసుకుంటే నవ్వు ఆగింది. పోటీకి సింగిల్స్ ఆరు, డబుల్స్ మూడు. ఆరు కోర్టులుంటే సింగిల్స్ అన్నీ ఒక్కసారే నడుస్తాయి. మూడే ఉంటే సగం జట్టు గోడకి ఆనుకుని కూర్చోవాలి. సీజన్ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది, అప్పటికి అక్కడ బయట మంచు మేటలు. సొంత ఇండోర్ లేనివాళ్లు అద్దె కోర్టులో ఎవరూ అడగని వేళలు ఏరుకోవాలి.

ఆ రాష్ట్రంలోనే సెయింట్ పీటర్ అనే చిన్న ఊళ్లో గస్టావస్ అడాల్ఫస్ కాలేజీ ఉంది. అక్కడి కోచ్ స్టీవ్ విల్కిన్సన్ 1980లో, 1982లో జట్టుకి డివిజన్ త్రీ జాతీయ టైటిళ్లు తెచ్చాడు. 2009లో తప్పుకునేసరికి ఆయన ఖాతాలో 923 విజయాలు. నన్ను పట్టుకున్నది ఆ అంకె కాదు. 1977లో భార్యతో కలిసి మొదలుపెట్టిన వేసవి శిబిరాలు. పిల్లలు ఊళ్లకి వెళ్లిపోయాక అవే కోర్టుల్లో బయటివాళ్లకి ఆట నేర్పడం! చిన్న కాలేజీ కోర్టుని ఏడాదిలో ఎన్ని గంటలు మేలుకోబెట్టగలవన్నదే అసలు పెట్టుబడి అని నాకనిపిస్తుంది. గెలుపు చేతిలో లేదు, మన కష్టం, మర్యాద చేతిలో ఉన్నాయన్నది ఆయన పాఠం. అన్నన్ని గెలిచినాయన చెబితే వినబుద్ధవుతుంది లెండి.

ఇక నా లోకం గట్టింగ్, అంటే రాకెట్లకి తీగలు బిగించడం. ఇరవై ఏళ్లుగా ఇంట్లో మెషీన్ మీద సరదాకి చేస్తున్నాను. 200 మీటర్ల రీలు తీసుకుంటే, రాకెట్‌కి 12 మీటర్లు పోను, వచ్చేది పదహారు రాకెట్లు. పన్నెండు మంది జట్టు, మనిషికి రెండు రాకెట్లు. ఒకసారి అందరివీ గట్టింగ్ చెయ్యాలంటే ఒక రీలు చాలదు. పాలియెస్టర్ తీగ తెగకపోయినా కొన్ని గంటల ఆటకే చచ్చుబడిపోతుంది. పైగా చలికి బంతి లేవదు, తీగ బిగుసుకున్నట్టుంటుంది. నేనైతే రెండు పౌన్లు తగ్గిస్తాను.

మా మేనకోడలి జట్టు మెషీన్ కోచ్ గదిలో ఓ మూల ఉంటుందట. క్రిస్మస్ సెలవుల్లో ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని నేర్చుకుంది. నిన్న పొద్దున్నే వీడియో కాల్. అక్కడ రాత్రి. ఫోన్‌ని మెషీన్‌కి ఆనించి, ఎవరిదో రాకెట్ చూపించింది. నిలువు తీగలు అయిపోయాయి, అడ్డంవి పదో వరసలో ఉంది.

"ఆరో వరసలో ఒకటి పైనుంచి పోవాల్సింది కిందనుంచి పోయింది మావయ్యా. ఆడేవాళ్లకి తెలుస్తుందా?"

"నీకు తెలిసిందిగా. విప్పు."

గొణుక్కుంటూ క్లాంప్ వదులు చేసింది.